ఎందుకు చదువగోరుచున్నావు?

1893వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో, పండిత రతన్‌లాల్ అధ్యక్షతను జరిగిన సభయందు, ముప్పదియేండ్ల వంగదేశపు సన్న్యాసి యొకడు వేయిమందికి పైబడిన శ్రోతల యెదుట నిలిచి, తాను పశ్చిమదేశములకు ఏల పోవదలచినాడో, అచ్చట ఏమి చెప్పదలచినాడో, అందువలన స్వదేశమునకు ఒనగూడు మేలు ఎట్టిదో ఆంగ్లభాషలో వివరించెను. లష్కరులోని దొరలును పెక్కుమంది ఆనాడు వచ్చి వినిరి. పశ్చిమమున తన కర్తవ్యమేమో చాటెడి శీర్షికతో సాగిన ఆ ఉపన్యాసము నాటికి స్వామి వివేకానందుని చేతిలో ఆహ్వానపత్రము లేదు. ఓడ కిరాయి లేదు. ఫలానా సంస్థవారు పంపగా వచ్చితినని చూపుకొనుటకు చిన్న చీటియైనను లేదు. ఉన్నదెల్ల ఒక స్పష్టమైన ఉద్దేశము, దాని వెనుక దేశమంతయు తిరిగి కన్నులార చూచిన దారిద్ర్యము. మరునాడు బేగంబజారు సాహుకారులు వచ్చి ప్రయాణవ్యయమునకు తాము తోడ్పడుదుమని మాట యిచ్చిరనిన, ఆ పలుకులలోని నిజము విన్నవారిని ఎంతగా తాకినదో ఊహింపవచ్చును.

విదేశీ విశ్వవిద్యాలయములకు దరఖాస్తు పెట్టుకొను మన పిల్లలు ‘ఎస్‌ఓపీ’ యని పిలుచు ఉద్దేశపత్రము ఎట్లుండవలయునని ఎవరైన నన్నడిగినచో, మొదట ఆ సభ వృత్తాంతమును చదువుమని చెప్పుదును. తరువాతి కథ మరింత బోధప్రదము. మే 31న బొంబాయిలో ఓడనెక్కి జూలై చివరకు చికాగో చేరిన స్వామికి, సర్వమత మహాసభలో ప్రతినిధిగా నిలుచుటకు గుర్తింపుగల సంస్థ యొసగిన యోగ్యతాపత్రము కావలయుననియు, పేరు నమోదు చేసికొను గడువు సైతము దాటిపోయినదనియు తెలియవచ్చెను. చేతిలోని సొమ్ము తరుగుచుండగా, ఖర్చు తక్కువని బోస్టన్ ప్రాంతమునకు పోయి, అచ్చట ఆగస్టు చివర, అనిస్క్వామ్ అను సముద్రతీర గ్రామమున, హార్వర్డు విశ్వవిద్యాలయములో గ్రీకుభాషాచార్యుడగు జాన్ హెన్రీ రైట్‌తో గంటల తరబడి సంభాషించెను. ఆ ఆచార్యుడు, ఈయనను యోగ్యతాపత్రమడుగుట సూర్యుని ప్రకాశించు హక్కు ఎక్కడిదని అడుగుట వంటిదని పలికి, మహాసభ నిర్వాహకులకు లేఖ వ్రాసి, చికాగోకు రైలు టికెట్టు సైతము కొనియిచ్చి పంపెను. సెప్టెంబరు 11న ఆ మహాసభలో జరిగినదానిని లోకమెల్ల ఎరుగును. రైట్ లేఖ ఫలించుటకు కారణము అందలి స్తుతివాక్యములని నేననుకొనను. ఆ స్తుతి చేసినవాడు స్వయముగా విని, ప్రశ్నించి, నమ్మిన పిమ్మటనే కలము పట్టెను. శ్రద్ధ యనునది తన్ను తాను ప్రకటించుకొనిన మాత్రమున రుజువు కాదు. దానిని మరియొకడు కనుగొనవలయును. కనుగొనుటకు తగిన ఆనవాళ్లు మాటలలోను చేతలలోను ఉండవలయును.

నేడు ఇదే పురములో, ఎక్కువమంది విద్యార్థుల విషయమున, ఆ ఆనవాళ్లు మాయమగుచున్నవి. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో చదువుచుండిన భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఏ దేశమును అంతమందిని పంపలేదు. 2008 నుండి 2023 వరకు బేగంపేట పైగా ప్యాలెస్‌లోను, తరువాత నానక్‌రామ్‌గూడలోను ఉన్న అమెరికా కాన్సులేటు ముందు ఫైళ్లు చంకనిడుకొని నిలిచిన యువకులలో తెలుగువారు ఎంతమందియో ఆ దారిని పోయినవారందరకు తెలిసినదే. సికింద్రాబాదు వీధులలోను, అమీర్‌పేట మైత్రీవనము చుట్టుప్రక్కలను వెలసిన కన్సల్టెన్సీలలో ఈ యువకుల కొరకు ఉద్దేశపత్రములు తయారగుచున్నవి. పేరు, కళాశాల, మార్కులు, బ్యాక్‌లాగులు మాత్రము మారును. బాల్యము నుండియు కంప్యూటర్లనిన తనకు ప్రాణమను మొదటి వాక్యము మారదు. చదువుకొను వాని హృదయమును తెలుపవలసిన పత్రమును, ఆ చదువుకొనువాడు ఒక్కసారియైన పూర్తిగా చదువకయే పంపుచున్న సందర్భములు లేకపోలేదు.

దీనికి ఆ బిడ్డలను నిందించుట ధర్మము కాదు. మన యింటర్మీడియట్ విద్యార్థిని ఆలోచించి చూడుడు. ఎంసెట్ అనుడు, పేరు మారిన పిదప ఈఏపీసెట్ అనుడు, ఇంజనీరింగు పరీక్షలో 160 ప్రశ్నలు: గణితమున 80, భౌతికశాస్త్రమున 40, రసాయనశాస్త్రమున 40; మూడు గంటల కాలము. ర్యాంకు వచ్చును, వెబ్ ఆప్షన్లు పెట్టుదురు, యంత్రము ఒక కళాశాలను, ఒక బ్రాంచిని చూపును. నీవు ఈ శాస్త్రమును ఏల చదువగోరుచున్నావను ప్రశ్న ఈ సుదీర్ఘ ప్రక్రియలో ఎక్కడను రాదు. ఇంట తల్లిదండ్రులు అడుగరు. ర్యాంకును బట్టి వారికి సమాధానము ముందే తెలియును. కళాశాలవారు అడుగరు, వారికి తీరిక లేదు. ఐనను ఈ పద్ధతిని నేను ద్వేషింపను. సిఫారసు లేని పల్లెటూరి రైతుబిడ్డకు, పేరుగల వంశమున పుట్టని బాలికకు, ఎవరి గడపయు ఎక్కకుండ సీటు దక్కుటకు ర్యాంకు యొక్కటే దారి చూపినది. ఆ మేలును మరచుట కృతఘ్నత. కాని పదునెనిమిదేండ్లు ఎవ్వరును ‘ఎందుకు’ అని అడుగని బిడ్డను, ఒకనాడు హఠాత్తుగా తెల్లకాగితము ముందు కూర్చుండబెట్టి, నీ అభినివేశమును వివరింపుమనిన, వాడు బజారునకు పోయి కొనుక్కొని వచ్చుటలో వింత యేమున్నది?

ఆ తెల్లకాగితము ఇప్పుడు అన్ని దిక్కుల నుండియు వచ్చుచున్నది. అమెరికా కళాశాలల ఉమ్మడి దరఖాస్తు 650 పదములకు మించని వ్యాసమును కోరును. ఇంగ్లండులోని యూకాస్ సంస్థ, చిరకాలము ఒకే నిడుపైన వ్యాసముగా నడచిన స్వీయపత్రమును, 2026 ప్రవేశముల నుండి మూడు ప్రశ్నలుగా విభజించినది. వానిలో మొదటిది, ఈ విషయమును నీవేల చదువగోరుచున్నావనుటయే. మన దేశమునను అశోక, శ్రీసిటీలోని క్రియా వంటి విశ్వవిద్యాలయములు మార్కులతో తృప్తిపడక విద్యార్థి స్వయముగా వ్రాసిన మాటను చూడగోరుచున్నవి.

అరువు తెచ్చిన శ్రద్ధ మన పిల్లలకే పరిమితమైన దోషము కాదు. 2007లో యూకాస్ వారు 50,000 స్వీయపత్రములను యంత్రముతో పోల్చి చూడగా, ఎనిమిదేండ్ల వయసున రసాయనములతో ఆడుకొనుచు పైజామాకు చిల్లిపడునట్లు కాల్చుకొంటినను ఉదంతము 234 పత్రములలో కనబడెను. వ్యాధిగ్రస్తుడైన తాతగారి ప్రస్తావన 175 పత్రములలో ఉండెను. ఎక్కడనో ఎవనికో నిజముగా కాలిన ఆ పైజామాను చూచి తక్కినవారు తమ బాల్యములను దానితో కప్పుకొనిరి. వారిలో తాము కోరిన చదువునందు నిజమైన ఆసక్తి గలవారు ఉండియే యుందురు. ఎరువు వస్త్రము ధరించుటచేత వారి స్వంత రూపము పరీక్షకునికి కానరాక పోయినది.

ఈ విషయమున మహబూబ్ కళాశాల యున్న ఎస్‌.డి. రోడ్డు ఏ మహనీయురాలి పేరు వహించుచున్నదో ఆమె జీవితమునుండి ఒక ఘట్టమును తప్పక చెప్పవలయును. సరోజినీదేవి తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు నిజాం కళాశాలకు మూలపురుషులు, విజ్ఞానశాస్త్రవేత్త. కుమార్తె గణితమందో శాస్త్రమందో పండితురాలు కావలయునని ఆయన కోరిక. బీజగణితపు లెక్క తెమలక కూర్చుండిన పదునొకండవయేట ఆమెకు లెక్కకు బదులు పద్యము వచ్చెను. తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన విద్యార్థివేతనముతో 1895లో ఇంగ్లండునకు పోయి, లండన్ కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జి గర్టన్ కళాశాలలోను చదివెను. అచ్చట విమర్శకుడు ఎడ్మండ్ గాస్‌కు తన కవితలను చూపగా, ఆయన నిర్దాక్షిణ్యముగా ఒక మాట చెప్పెను. ఆంగ్లకవుల పక్షులను, ఆంగ్లదేశపు ఋతువులను వర్ణించిన ఆ పద్యములు నిర్దుష్టములే గాని వానియందు జీవము లేదు. వానిని పారవేసి, తాను పుట్టిన దేశపు కొండలను, తోటలను, గుడులను, జనుల మనోభావములను వ్రాయుమని ఆయన బోధ. ఆమె కోపగింపలేదు, వినెను. ఆ పిమ్మట వ్రాసిన కవితలలో పల్లకీ బోయీలు వచ్చిరి, హైదరాబాదు బజారులు వచ్చినవి. నేడు అమెరికా కళాశాలకు వ్రాయు మన బాలుడు సిలికాన్ లోయను, అచ్చటి కోటీశ్వరుల జీవితములను వర్ణించుచున్నప్పుడెల్ల నాకు గాస్ చెప్పిన మాటయే జ్ఞప్తికి వచ్చును. ఆ లోయను గూర్చి ఆ దేశమువారికి ఇతడు చెప్పవలసినది లేదు. ఇతని వీధిని గూర్చి మాత్రము ఇతడే చెప్పగలడు.

వీధి యంటిని గనుక, మోండా మార్కెట్టులో కూరగాయల దుకాణము గల ఒక కుటుంబమును, కళాశాల నుండి వచ్చి సాయంకాలము గల్లాపెట్టె యొద్ద కూర్చుండు వారి కుమార్తెను భావించుకొందము. ఆమె అర్థశాస్త్రము చదువగోరును. కన్సల్టెన్సీ వారామెకు వ్రాసి యిచ్చు వాక్యము, ప్రపంచ ఆర్థికవ్యవస్థ తనను చిన్ననాటి నుండి ఆకర్షించుచున్నదని. దానిని చదివిన వారికి ఆమెను గూర్చి తెలిసినదేమి? ఏమియు లేదు. కాని ఆమె లెక్కలపుస్తకము చివరి పుటలలో మరియొకటి యున్నది. శనివారము రాత్రికి మిగిలిన టమాటాలు సోమవారమునకు పనికిరావు గనుక, కిలో ధరను ఏ గంటకు తగ్గించినచో నష్టము తక్కువ యగునో తెలిసికొనగోరి, ఆమె వారము వారము ధరను, వేళను, మిగిలిన సరకును వ్రాసికొనుచు వచ్చినది. ఎనిమిది గంటలకు తగ్గించుట మేలని మొదట తోచినది. కొన్ని వారములు గడచునప్పటికి, ఎనిమిదింటికి ధర పడునని కనిపెట్టిన గిరాకీలు ఆరింటికి రావడము మానివేసిరి. ఎనిమిదింటికి గుంపుగా వచ్చి నిలిచిరి. మొత్తము రాబడి మునుపటికన్న తగ్గినది. ధరను స్థిరముగా నుంచినచో సరకు కుళ్లును. తగ్గించినచో కొనువారు తగ్గింపు కొరకు వేచియుందురు. ఈ చిక్కునకు విడుపేమో ఆమెకు తెలియలేదు. తండ్రిని అడిగిన, బేరమనిన అట్లే యుండునమ్మా యనెను.

ఆమె వ్రాయవలసినది ఇదే, ఇంతియే. అర్థశాస్త్రమనిన ఇష్టమను మాట ఆ పత్రమున ఒక్కసారియైనను లేకున్నను లోపము లేదు. ధరలు, తేదీలు, తప్పిన అంచనా, తండ్రి సమాధానముతో తృప్తిపడని మనస్సు — ఇవి చదివిన అర్థశాస్త్రాచార్యుడు కుర్చీలో ముందుకు జరిగి కూర్చుండును. ఏలయనగా కొనువారి నిరీక్షణమే ధరను శాసించు ఈ చిక్కును గూర్చి ఆయన శాస్త్రమున పెద్దలు గ్రంథములే వ్రాసియున్నారు. మోండా మార్కెట్టు బాలిక ఎవరును చెప్పకయే ఆ ద్వారమును తట్టినది. అట్టి బిడ్డ తన దుకాణమును దాచి పెట్టి, ఎన్నడు చూడని అంతర్జాతీయ సంస్థల పేర్లు వల్లించుట చూచినప్పుడు నాకు నిజముగా దుఃఖము కలుగును. సంపన్నుల పిల్లలు వేసవి శిబిరములకు పోయి, సర్టిఫికెట్లు తెచ్చుకొని, ‘ప్రొఫైలు’ కట్టుకొందురు. తనకు అవేవియు లేవని ఆమె కుములును. లెక్కలపుస్తకమే తన సంపదయని ఆమెకు చెప్పువారు లేరు.

ఇక, పదునేడేండ్లకే అభినివేశము కలుగవలయునా యను సందేహము న్యాయమైనది. దీనికి సమాధానమును బేగంపేటలోని ఒక పాత భవనము ఇచ్చుచున్నది. సర్ రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న అచ్చట దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. 1902లో నోబెల్ బహుమానము పొందెను. ఆ యెండలలో పంకా వేసినచో దోమలు ఎగిరిపోవునని ఉక్కలో కూర్చుండి, నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టుచుండగా, హుసేన్‌ఖాన్ అను రోగి రక్తము త్రాగిన దోమలను ఒక్కొక్కదానినే చీల్చి చూచిన శ్రద్ధ అది. కాని అదే రాస్ 1874లో లండన్ సెయింట్ బార్తొలొమ్యూ వైద్యశాలలో చేరినది తండ్రి బలవంతము మీదనే. అతని మనస్సు కవిత్వము మీదను సంగీతము మీదను ఉండెను. ఆనాడు ఎవరైన వైద్యమునందు నీకుగల గాఢానురాగమును వర్ణింపుమనియుండిన, నిజము చెప్పువాడైనచో అతడు మౌనము వహింపవలసి వచ్చెడిది. ఇరువది సంవత్సరముల పిమ్మట, 1894లో, ప్యాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు మలేరియా క్రిములను చూపిన నాటి నుండి అతనికి ఆ వెఱ్ఱి పట్టినది. కనుక, ఇంకను ఏదియు తేలలేదని నిజాయితీగా వ్రాసి, తేల్చుకొనుటకు తాను చేసిన చిన్న ప్రయత్నములను చెప్పుకొను విద్యార్థిని తక్కువవానిగా నేనెంచను. లేని మంటను చిత్రించుటకన్న ఉన్న సందేహమును తెలుపుట ఎంతయో మేలు.

స్వంత దుఃఖమును వ్రాయవచ్చునా? వ్రాయవచ్చును; ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితము ఇందుకు ప్రమాణము. భీమవరమున పుట్టిన ఆయన సోదరులిద్దరు కొద్దిదినముల వ్యవధిలో సంగ్రహణి వ్యాధితో మరణించిరి. తానును ఆ వ్యాధి వాతబడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికెను. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు తక్కువ పట్టముతో బయటపడెను. మామగారి సాయముతోను, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయముతోను 1922 అక్టోబరులో బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యమును అభ్యసించెను; రాత్రివేళ ఆసుపత్రిలో పరిచారకుని పని చేసి పొట్ట పోసికొనెను. 1945లో ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను పొట్టనబెట్టుకొనిన వ్యాధికి అది మందుగా ఉపయోగపడెను. యూకాస్ వారికి వచ్చిన 175 పత్రములలోను ఆత్మీయుల అనారోగ్యమే యున్నది. సుబ్బారావు కథలోను అదే యున్నది. వారు కన్నీటిని చూపి నిలిచిపోయిరి. ఈయనకు ఆ మరణముల నుండి ఒక ప్రశ్న పుట్టినది. దానిని సముద్రములు దాటించి ఇరువది మూడేండ్లు విడువకుండ పట్టుకొనెను.

ఆ 1922వ సంవత్సరమునందే హార్వర్డు అధ్యక్షుడు లోవెల్, పరీక్షలలో రాణించి ప్రవేశించుచున్న యూదు విద్యార్థుల సంఖ్యను తగ్గింపదలచి కలకలము రేపెను. తరువాతి కాలమున శీలము, వ్యక్తిత్వము మున్నగు పేర్లతో ప్రవేశముల యందు కొలతకందని ప్రమాణములు బలపడుటకు ఈ దురుద్దేశమును ఒక కారణము. కావున వ్యాసము అడుగు పద్ధతి ర్యాంకు పద్ధతికన్న స్వభావముచేతనే పవిత్రమని ఎవరును భ్రమపడరాదు. పరీక్షకుడు నిష్పక్షపాతియై, వ్రాసినవాడు సత్యవాదియైనప్పుడే దానికి విలువ.

ఆ సత్యమునకు కావలివారు కావలసినవారు అధ్యాపకులు. ఉద్దేశపత్రముతోపాటు పోవలసిన సిఫారసు లేఖను విద్యార్థియే వ్రాసికొని రాగా, చదువకుండ సంతకముపెట్టు ఆచారము మన కళాశాలలలో వేళ్లూనినది. ఒకే మూసలో పోసిన లేఖలు ఒకే కళాశాల నుండి పుంఖానుపుంఖముగా వెళ్లుట వలన, నిజముగా యోగ్యుడైన శిష్యుని మాటకును విలువ పడిపోవుచున్నది. రైట్ పండితుడు ముక్కు ముఖము ఎరుగని పరదేశితో ముందుగా గంటల తరబడి మాటలాడి, ఆ పిమ్మటనే లేఖ వ్రాసెను. మనము మూడేండ్లో నాలుగేండ్లో పాఠము చెప్పిన బిడ్డ కొరకు ఒక్క గంట కేటాయింపలేమా? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల దరఖాస్తుకు గడువు సాధారణముగా అక్టోబరు 15. అమెరికాలోని అనేక కళాశాలలకు ముందస్తు దరఖాస్తు పంపవలసినది నవంబరు 1. అధ్యాపక మహాశయులారా, ఆ తేదీలకు ముందు మీ శిష్యుని పిలిచి ఎదుట కూర్చుండబెట్టుకొనుడు. ఈ చదువు నీకెందుకని అడుగుడు. వాడు తడబడినను ఓపికతో వినుడు. లేఖ మాత్రము మీరే వ్రాయుడు.